వాడి షెడ్డుకు త్రీఫేజ్

పొద్దున నడకకు వెళ్తే, గనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను ఆపి అడుగుతుంటారు, మీ సర్వీసులో మరిచిపోలేని రోజు ఏదని. వాళ్ళు ఏం వినాలనుకుంటున్నారో నాకు తెలుసు. పైకప్పు కూలిన రోజు, నీళ్ళు పొంగిన రోజు. అలాంటివి చెప్పేవాళ్ళు గోదావరిఖనిలో ఇంటికొకరున్నారు, వాళ్ళను అడగండి. నేను నేర్చిన విద్య అంతా నా ముఖానికే ఎదురు తిరిగిన రోజు మాత్రం రిటైరయ్యాక వచ్చింది. అదీ గనిలో కాదు, మా వీధి చివర ఉన్న ఒక కారు షెడ్డులో. ఆ షెడ్డు నాది కాదు. నా బాధంతా అక్కడే మొదలైంది.

షెడ్డు ఒక ఫిట్టర్‌ది. పేరెందుకు, ఫిట్టర్ అనే అనుకుందాం. మేమిద్దరం ఒకే రోజు బదిలీ ఫిల్లర్లుగా, అంటే రానివాళ్ళ బదులు బొగ్గెత్తే కూలీలుగా, గనిలో దిగాం. తట్టా పారా పట్టుకుని ఒకే చోట బొగ్గు నింపాం. తర్వాత వాడు ఫిట్టర్ అయ్యాడు, నేను ఎలక్ట్రీషియన్ని అయ్యాను. సెంటినరీ కాలనీలో మా క్వార్టర్లు పక్కపక్కనే. వయసులో నేను నెలల తేడాతో పెద్ద కాబట్టి నన్ను అన్న అంటాడు, మా ఆవిడను వదిన అంటాడు. ఎప్పుడూ గొంతు పెంచడు, ఎవరినీ ఒక మాట అనడు. అలాంటివాడితో పక్కపక్కన బతకడం ఎంత కష్టమో మీకెవరికీ తెలియదు.

ముందే చెప్పేస్తున్నాను, నాకు వాడంటే కుళ్ళు. ఈ మాట చెప్పడానికి నాకేమీ సిగ్గు లేదు. క్యాంటీన్‌లో చాయ్ అయిపోయిందని నాకు చెప్పిన మనిషే వాడి కోసం ఒక గ్లాసు దాచి ఉంచేవాడు. అండర్ మేనేజరు గనిలోకి దిగితే ముందు వాడి భుజం తట్టి, తర్వాత మా అందరినీ కలిపి ఒకసారి చూసేవాడు. మా ఇంట్లో మిక్సీ చెడిపోయింది ఒకసారి. ఎలక్ట్రీషియన్ ఇల్లు కదా, రేపు చూస్తా, ఎల్లుండి చూస్తా అని నేను రోజులు గడిపాను. వాడు ఏదో పని మీద వచ్చి, జార్ కింద అరిగిపోయిన బుష్ మార్చి, ఇది కరెంటుది కాదు వదినా అని చెప్పి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి మా ఆవిడ చట్నీ పట్టిన ప్రతిసారీ ఆ కథ నాకు వినిపించింది.

కరెంటుది కాదు అనే ఆ మాట వెనక పెద్ద పంచాయతీ ఉంది. గనిలో హాలేజీ, అంటే బొగ్గు తొట్లను తాడుతో పైకి లాగే యంత్రం, ఆగిందంటే, ఎందుకు ఆగిందని ఎవరూ అడగరు. మెకానికలా, ఎలక్ట్రికలా అని అడుగుతారు. ఆగిన టైము ఎవరో ఒకరి నెత్తిన పడాలి కదా. ఫిట్టర్ మోటారు లాగడం లేదంటాడు, ఎలక్ట్రీషియన్ బేరింగు పట్టేసిందంటాడు. మా ఇద్దరి మధ్య ఈ కొట్లాట సర్వీసంతా నడిచింది. నడిచింది అంటే, నేను కొట్లాడాను. వాడు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, విప్పి చూద్దాం తియ్యి అన్నా అనేవాడు. విప్పితే వాడు చెప్పిందే నిజమైన రోజులు ఎక్కువ. నేను చెప్పింది నిజమైన రోజులూ ఉన్నాయి, కానీ అవి ఎవరికీ గుర్తులేవు.

రిటైరయ్యాం. క్వార్టర్లు ఖాళీ చేశాం. ఖర్మ కాకపోతే, ఇద్దరం ఇళ్ళు కట్టుకున్నది కూడా ఒకే వీధిలో. నేను కారు కొన్నాను. వాడు కారు కొనలేదు కానీ ఇంటి పక్కన కారు షెడ్డు కట్టాడు, అల్లుడు వస్తే పెట్టుకోవడానికని. అంటే కారు నాది, షెడ్డు వాడిది. నా కారు తాటిపత్రి కప్పుకుని వీధిలో ఎండకు మాడుతుంటే, వాడి షెడ్డు ఖాళీగా చల్లగా ఉండేది. మీ కారు ఇక్కడ పెట్టుకోండి అని వాడే ఒకసారి అన్నాడట. మా ఆవిడ సంబరంగా వచ్చి చెప్పింది. వాడి షెడ్డులో పెట్టేకంటే గోదావరిలో తోస్తానన్నాను.

అలాంటి షెడ్డు ముందు ఒకరోజు లారీ ఆగింది. రామకృష్ణాపూర్‌లో ఎవరిదో పాత వర్క్‌షాపు మూసేస్తుంటే, అందులోని లేతు మెషిన్ వాడు కొన్నాడు. ఇనుప కడ్డీని పట్టి గిరగిరా తిప్పుతూ కావలసిన కొలతకు చెక్కే యంత్రం అది. ట్రాక్టర్ పిన్నులు, పంపుల బుష్‌లు, మోటార్ల షాఫ్టులు, ఏదైనా చేసుకోవచ్చు. చుట్టుపక్కల వ్యవసాయం చేసేవాళ్ళకు ఇవన్నీ ఎప్పుడూ కావాల్సినవే. గొలుసు కప్పీ కట్టి దాన్ని దించుతుంటే వీధి వీధంతా నిలబడి చూసింది. నేను మేడ మీద బట్టలు ఆరేసే వంక పెట్టుకుని చూశాను. రిటైరయ్యాక నేను నడక, బీపీ గోలీలు, టీవీ. వీడేమో మళ్ళీ కొత్తగా ఉద్యోగం మొదలుపెడుతున్నాడు. కడుపు మండిపోయింది.

అయితే ఒక్క సంగతి గుర్తొచ్చి ఆ మంట మీద కాస్త నీళ్ళు పడ్డాయి. లేతుకు ఇంటి కరెంటు చాలదు. మామూలు ఇళ్ళకు వచ్చేది సింగిల్ ఫేజు. ఆ మోటారు తిరగాలంటే త్రీఫేజు, మనవాళ్ళు నాలుగొందల నలభై అంటారే, అది కావాలి. కరెంటు ఆఫీసులో అర్జీ పెట్టాలి, స్తంభం నుంచి వేరే సర్వీసు తీగ లాగించాలి, మీటరు, మెయిన్ స్విచ్చి, అక్కడి నుంచి షెడ్డుకు మందపాటి కేబుల్, ఎర్తు గుంతలు. ఇది ఫిట్టర్ చేతిలో పని కాదు. పానాలు పట్టేవాడు ముట్టుకుంటే కాలిపోయే పని. వాడు ఇప్పుడు నా గడప తొక్కాలి, వేరే దారి లేదు.

నేను తయారయ్యాను. అటక మీది పనిముట్ల సంచి దించాను. కటింగ్ ప్లయరు తుప్పు వదిలించాను. కరెంటు పరీక్షించే చేతి మీటరుకు కొత్త సెల్లు వేశాను. ఆ మోటారుకు ఏ సైజు కేబుల్ పడుతుందో లెక్క కట్టుకున్నాను. వాడు వచ్చి అడిగితే ఏమనాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. వెంటనే ఒప్పుకోకూడదు. మోకాళ్ళ నొప్పులు, నిచ్చెన ఎక్కలేను అనాలి. వాడు బతిమాలాలి. మా ఆవిడ కూడా బతిమాలాలి. అప్పుడు, సరే, నీ కోసం చేస్తాలే అనాలి. ఎన్ని రోజులు ఎదురుచూశానో నాకే తెలుసు. వాడు గేటు దగ్గర ఆగేవాడు, షుగరు ఎట్ల ఉన్నదన్నా అనేవాడు, వెళ్ళిపోయేవాడు. కరెంటు మాట ఎత్తేవాడు కాదు.

ఒక ఆదివారం కూరగాయలకు వెళ్తూ చూద్దును కదా, వాడి షెడ్డులో నిచ్చెన వేసి ఉంది. నిచ్చెన మీద ఒక అమ్మాయి గోడకు పైపు బిగిస్తోంది. చూసీచూడంగానే గుర్తుపట్టాను. గనిలో మాతో పనిచేసి చనిపోయిన ఒక మనిషి కూతురు. తండ్రి స్థానంలో ఆమెకు ఉద్యోగం వచ్చింది. ఐటీఐ చదివింది, ఇప్పుడు సబ్‌స్టేషన్‌లో ఎలక్ట్రీషియన్. నా ఆఖరి రోజుల్లో కేబుల్ మీది ఇనుప తొడుగు చెయ్యి కోసుకోకుండా ఎలా కొయ్యాలో నేర్పింది నేనే. నన్ను చూసి, నిచ్చెన మీది నుంచే నమస్తే కాకా అంది. నేను తలూపి, కూరగాయల సంచి ఖాళీగానే పట్టుకుని ఇంటికి వచ్చేశాను.

తల కొట్టేసినట్టయింది నాకు. సర్వీసంతా కరెంటులో గడిపిన మనిషి వీధిలో ఉండగా, నా చేతి కింద నేర్చుకున్న పిల్లను పిలుస్తాడా? వీధిలో వాళ్ళు ఏమనుకుంటారు? నాకు పని రాదనా, నా చేతులు వణుకుతున్నాయనా? రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. మా ఆవిడకు విషయం తెలిసి, ఫిట్టర్ భార్యను అడిగి వచ్చింది. వాడు తన భార్యతో ఏమన్నాడంటే, కరెంటు పని అన్న చేస్తే, రేపు మెషిన్ ఆగిననాడు అది మెకానికలా ఎలక్ట్రికలా అని మళ్ళీ కొట్లాడుకుంటాం, ఈ వయసులో అన్నతో కొట్లాడాలని లేదు అన్నాడట. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది ఇది. ఎంత మంచి మనసని. నాకైతే ఒళ్ళు మండింది. అంటే నేను కొట్లాటకోరునని ఊరందరి ముందూ చెప్పడమే కదా. మంచితనంతో కొట్టే దెబ్బ ఇలాగే ఉంటుంది, తిరిగి కొట్టడానికి వీలుండదు.

ఇక అప్పటి నుంచి నా నడక దారి మారింది. పొద్దున, సాయంత్రం ఆ షెడ్డు ముందు నుంచే. పైకి చూడనట్టు చూస్తూ తప్పులు వెతికాను. పైపులు నూలు పట్టినట్టు ఉన్నాయి. బిగింపులు సమంగా ఉన్నాయి. మెయిన్ స్విచ్చి చేతికి అందే ఎత్తులో, తలుపు పక్కనే పెట్టింది. నేనైనా అక్కడే పెట్టేవాణ్ణి. ఎర్తు కోసం తవ్విన గుంతల్లో బొగ్గూ ఉప్పూ వేసి కప్పడం కూడా చూశాను. బాగున్న పనిని రోజూ చూడటం కంటే నరకం లేదు.

మెషిన్ మొదలుపెట్టే రోజు పూజ పెట్టుకున్నారు. వాడే స్వయంగా ఇంటికి వచ్చి పిలిచాడు, అన్నా నువ్వు తప్పకుండ రావాలె అని. చూద్దాంలే, దవాఖానకు పోయేది ఉన్నదన్నాను. ఏ దవాఖాన అని మా ఆవిడ లోపలి నుంచి అడిగింది. ఆ పొద్దున నా చొక్కా ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టి ఉంది.

వెళ్ళాను. షెడ్డు నేల కడిగి ముగ్గు వేశారు. ఎండాకాలం, అయినా నేల ఇంకా తడిగానే ఉంది. పాత దోస్తులు చాలామంది వచ్చారు, హాలేజీ ఆపరేటరు, పంపులు నడిపినాయన, గనిలో మా పని చూసిన సర్దారు, అందరూ చెప్పులు బయట విడిచి వట్టి కాళ్ళతో నిలబడ్డారు. లేతుకు బంతిపూల దండలు వేసి, వెనక పక్కన ఎర్ర గుడ్డ కట్టారు. నేను అందరికీ నమస్తే పెట్టుకుంటూ మెల్లగా మెషిన్ పక్కకు చేరాను. ఎవరూ అటు చూడటం లేదు. మెషిన్ మీద పని కనబడటానికి చిన్న లైటు ఒకటి ఉంటుంది. దాని కనెక్షన్ డబ్బా మూత ఇంకా బిగించలేదు. వంగి చూశాను.

చూసి, నిజం చెబుతున్నాను, నాకు పండుగ అయినంత సంతోషం వేసింది.

ఇక్కడ కొంచెం మన విద్య చెప్పాలి. మా గనిలో మోటారుకు వెళ్ళే కేబుల్‌లో మూడు తీగలు కరెంటువి, నాలుగోది ఎర్తు. ఎర్తు అంటే, పొరపాటున కరెంటు మెషిన్ ఒంటికి పాకితే దాన్ని నేలలోకి పంపి మనిషిని కాపాడేది. దానితో ఇంకే పనీ చేయించకూడదు. ఆ డబ్బాలో నాకు కనబడింది ఏమిటంటే, మోటారుకు వచ్చిన నాలుగు తీగల్లో ఒక కరెంటు తీగనూ, ఆ నాలుగో నల్ల తీగనూ తీసి లైటుకు ఇచ్చారు. ఎర్తుతో లైటు వెలిగిస్తున్నారన్నమాట. ఎండాకాలంలో మన నేల ఎండిపోయి, ఎర్తు సరిగా పనిచేయకపోతే, లైటు వేసిన మరుక్షణం మెషిన్ ఒళ్ళంతా కరెంటు. చెయ్యి వేసినవాడు మళ్ళీ తీయడు.

చెప్పేయాలి కదా. చెప్పలేదు. మెయిన్ స్విచ్చి దగ్గర నిలబడి ఉన్న ఆ అమ్మాయిని పక్కకు పిలిచి గుసగుసగా చెబితే ఆమె రెండు నిమిషాల్లో సరిచేసేది, ఎవరికీ తెలిసేది కాదు. ఎవరికీ తెలియకపోతే నాకేం లాభం? అందరూ చేరాలి, వాడు పచ్చ బటన్ మీద వేలు పెట్టబోవాలి, అప్పుడు నేను, ఆగు తమ్మీ అనాలి. మెల్లగా ముందుకొచ్చి మూత తీసి చూపించాలి. సర్దారు చూడాలి, పంపులాయన చూడాలి, మా ఆవిడ ముందు వరసలో నిలబడి చూడాలి. మెయిన్ స్విచ్చి కిందికే ఉంది, లైటు ఆరి ఉంది, ఇప్పుడే ప్రమాదం లేదులే అనుకున్నాను. గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఇన్నేళ్ళలో వాడి ఇంట్లో నేను అంత హాయిగా నిలబడింది అదే మొదటిసారి.

వాడు కొబ్బరికాయ కొట్టాడు. నీళ్ళు మెషిన్ కాళ్ళ మీద పడ్డాయి. వాడి భార్య పసుపు నీళ్ళలో చెయ్యి ముంచి బొట్లు పెట్టడానికి పళ్ళెం అందుకుంది. లోపల చీకటిగా ఉందని ఎవరో అన్నారు. ఆ అమ్మాయి మెయిన్ స్విచ్చి పైకెత్తింది, మెషిన్ మీది లైటు వెలిగింది. నేను లెక్క వేసుకున్న వరసలో ఇది లేదు. వట్టి కాళ్ళు, తడి నేల, పసుపు నీళ్ళు కారుతున్న ఆ చెయ్యి మెషిన్ వైపు వెళ్తోంది. ఇంకో జానెడు దూరం ఉంది. ఆగు చెల్లే అనాలని నోరు తెరిస్తే నా నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఒక్క గంట!"

గని తెలియనివాళ్ళకు ఈ మాట అర్థం కాదు. హాలేజీ దారి పొడవునా గంట తీగ ఉంటుంది. మా గనిలో ఒక్క గంట కొడితే ఆగమని, రెండు కొడితే నడపమని. ఒక్క గంట ఎవరైనా కొట్టవచ్చు, మేనేజరైనా, నిన్న చేరినవాడైనా. వినబడిందంటే ముందు అన్నీ ఆగాలి, తర్వాతే మాటలు. నేను అరవగానే ఆ షెడ్డులో ఉన్న రిటైరైన ముసలోళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు. కొబ్బరి చిప్ప పట్టుకున్న హాలేజీ ఆపరేటరు చెయ్యి గాల్లోనే ఆగింది. ఫిట్టర్ ఒక్క అడుగులో భార్య మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాడు. ఆ అమ్మాయి ఎందుకని అడగలేదు, మెయిన్ దించేసింది. లైటు ఆరిపోయింది.

అప్పుడు అందరూ నా వైపు చూశారు. నేను గట్టిగానే చెప్పాను. ఎర్తు తీగతో లైటు ఇచ్చారు, మెషిన్ ఒంటికి కరెంటు వస్తుంది, ఒక ప్రాణం పోయేది అన్నాను. ఎవరు నేర్పారు నీకీ పని అని ఆ అమ్మాయిని కూడా ఒక మాట అన్నాను. నేర్పింది నేనేనని అప్పుడు గుర్తురాలేదు. ఆమె ముఖం తెల్లబోయింది. దగ్గరికి వచ్చి, మూత పక్కకు తీసి, ఏ తీగ కాకా అని అడిగింది. నేను నల్లదాన్ని చూపించాను.

"కాకా, గది ఎర్తు గాదు, న్యూట్రల్," అంది మెల్లగా. "ఎర్తు వేరే ఇచ్చిన. రెండు దిక్కుల."

మెషిన్ వెనక కట్టిన ఎర్ర గుడ్డ పైకెత్తింది. అక్కడ రెండు ఇనుప పట్టీలు, బోల్టులతో గట్టిగా బిగించి, గోడ వెంట బయటి గుంతల్లోకి వెళ్తున్నాయి. ఆ గుంతలు తవ్వుతుంటే నేను కళ్ళారా చూసినవే. గని బయట త్రీఫేజు కేబుల్‌కు నాలుగో తీగ న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్ళే దారి. లైటుకు దాన్నే ఇవ్వాలి. అది తెలియనివాణ్ణి కాదు నేను, మా ఇంట్లో వైరింగు నేనే చేసుకున్నాను. కానీ మోటారు పక్కన నాలుగో తీగ కనబడితే, గనిలో మగ్గిన నా కళ్ళకు అది ఎర్తు తప్ప ఇంకోటిగా కనబడలేదు. పైగా ఎప్పుడెప్పుడు తప్పు దొరుకుతుందా అని కాచుకున్న కళ్ళు. ఆ అమ్మాయి దగ్గర మీటరు అడిగి తీసుకున్నాను. మీటరు పెట్టి చూశాను. పని నిక్షేపంలా ఉంది.

భూమి చీలితే బాగుండుననుకున్నాను. పళ్ళెంలో కర్పూరం ఆరిపోయింది. శుభమా అని పూజ చేసుకుంటుంటే ఏమిటీ అపశకునం అన్నట్టు ఆడవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మా ఆవిడ నా వైపు చూడటం లేదు. వెనక నుంచి పంపులాయన, ఓర్వలేకపోతే ఇంటి కాడ ఉండాలె గాని గిట్లనా అని గొణిగాడు. సర్దారు నవ్వాడు. ఇంకొకరెవరో, బ్రేక్‌డౌన్ ఎలక్ట్రికల్ ఖాతాల రాయున్రి అన్నారు. దానికి అందరూ నవ్వారు. నేను బయట చెప్పులు ఎక్కడున్నాయా అని వెతుక్కుంటున్నాను.

ఫిట్టర్ నవ్వలేదు. భార్య చెయ్యి అప్పుడు వదిలాడు. పంపులాయన వైపు తిరిగి, వాడు ఎప్పుడూ మాట్లాడేలాగే మాట్లాడాడు.

"గంట కొట్టినోన్ని ఎందుకు కొట్టినవని అడుగుడు మన కాడ ఎప్పుడన్న ఉన్నదా? తప్పు గంటైతే ఇంకా మంచిదే గదా."

నిజమే, ఆ కట్టుబాటు ఉంది. తప్పుగా కొట్టినా తిట్టకూడదు. తిడితే రేపు నిజంగా కొట్టాల్సినవాడు వెనకాడతాడు. నవ్వులు ఆగిపోయాయి. నేను ఇక మెల్లగా జారుకుందామని అడుగు తీశాను. వాడు దారికి అడ్డం వచ్చాడు.

"యాడికి అన్నా? కొట్టినోడే మళ్ళ రెండు కొట్టాలె. నువ్వు కొట్టందే నేనెట్ల నడిపిస్త?"

అదీ ఉంది. ఆపినవాడే మళ్ళీ నడపమని చెప్పాలి, ఇంకెవరు చెప్పినా చెల్లదు. ఆపడానికి ఏదో ఒకటి చూసి ఉంటాడు కాబట్టి, అది సరైందో లేదో తేల్చాల్సింది కూడా అతనే. వాడు వెక్కిరింపుకు అంటున్నాడేమో అని ముఖంలోకి చూశాను. వెక్కిరింపు లేదు. ఇన్నేళ్ళుగా వెతుకుతున్నాను, ఆ ముఖంలో అది ఎప్పుడూ దొరకలేదు నాకు. కర్పూరం మళ్ళీ వెలిగించారు. ఆ అమ్మాయి మెయిన్ స్విచ్చి పిడి మీద చెయ్యి వేసి నా నోటి వైపు చూస్తోంది. నన్ను పచ్చ బటన్ ముందు నిలబెట్టారు.

"నువ్వు సూసినవ్ గదన్నా. మంచిగున్నదా?" అని అడిగాడు.

ఆ అమ్మాయిని అడగవలసిన మాట అది. పని ఆమెది, ఒప్పు ఆమెది. ఇప్పుడే అందరి ముందూ తప్పని తేలిన మనిషిని నేను. తీగ గుర్తుపట్టలేని మనిషిని. నన్ను అడిగాడు.

"మంచిగున్నది," అన్నాను.

నేను రెండు అనేలోపే వాడు ముందుకు వచ్చి, కొబ్బరి నీళ్ళు పడిన తడి నేల మీద వట్టి కాళ్ళతో నిలబడి, కుడి అరచెయ్యి తీసుకెళ్ళి మెషిన్ ఒంటి మీద పూర్తిగా ఆనించాడు. వేళ్ళు కూడా ముడవలేదు. కానియ్యి అన్నట్టు తల ఊపాడు. రెండు అన్నాను. అమ్మాయి మెయిన్ ఎత్తింది, లైటు వెలిగింది, నేను బటన్ నొక్కాను. లేతు తిరిగింది, చప్పుడే లేదు దానికి. అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆవిడ ఏడ్చింది. నా కళ్ళలోనూ నీళ్ళు చూసి, పాత దోస్తులు కలిసిపోయారని అందరూ సంతోషపడ్డారు.

వాళ్ళకేం తెలుసు. వాడి చాయ్ చూసి కుళ్ళుకున్నాను, షెడ్డు చూసి కుళ్ళుకున్నాను, లేతు చూసి కుళ్ళుకున్నాను, అవన్నీ ఈ పొద్దుకు తీరిపోయాయి. కానీ నేను మంచిగున్నది అన్న ఒక్క మాట మీద వాడు ఆ ఇనుము మీద పెట్టిన చెయ్యి ఉందే, అది మాత్రం అన్నం ముందు కూర్చున్నా గుర్తొస్తుంది. వాడి చోట నేనుంటే పెట్టేవాణ్ణి కాదు.